మూడు పిలుపుల మిషన్

ఆ రోజు పొద్దున్న రమణయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికల్లా ఎకో మిషన్‌కి కొత్త బెల్టు వెయ్యాలి. మూడింటికి దాన్ని జంగ్లీఘాట్‌లో గంగమ్మ గుడి దగ్గరికి తీసుకెళ్ళి, మైకులో ఒక్క మాట మాట్లాడి చూడాలి. అయిదింటికి ఇంటికొచ్చి పొద్దుటి చారు వేడిచేసుకుని తినాలి. ఈ మూడింటిలోనూ ఎవరితోనూ మాట్లాడే అవసరం లేదు. అందుకే అతనికా ప్లాను నచ్చింది.

రమణయ్యకి అరవై దాటి ఒక ఏడాది. భార్య పోయి పదకొండేళ్ళు. డైరీ ఫార్మ్ పేటలో అతని ఇంటికి రోడ్డు మీదికి ఉన్న ముందు గదే దుకాణం. అందులో రేడియోలు, యాంప్లిఫయర్లు, పడవల వైర్‌లెస్ సెట్లు పొట్టలు విప్పుకుని పడుంటాయి. వాటితో అతనికి పడుతుంది. మనుషులతోనే పేచీ. మనిషిలో ఏది పాడైందో విప్పి చూసే వీలుండదనీ, చూసినా ఆ సామాను బజార్లో దొరకదనీ అతని అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని పదకొండేళ్ళుగా ఎవరూ ఖండించలేదు. ఖండించేంతసేపు అతని దగ్గర ఎవరూ కూర్చోలేదు.

ఎకో మిషన్ ముప్ఫై అయిదేళ్ళ కిందటిది. ఆర్కెస్ట్రా నడిపిన రోజుల్లో కలకత్తా నుంచి ఓడ మీద తెప్పించాడు. చూడ్డానికి రేకు సూట్‌కేసులా ఉంటుంది. మూత తీస్తే లోపల మూర పొడుగు టేపు, రెండు కొసలూ అతికించినది, గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మైకులో అన్న మాట దాని మీద పడుతుంది. టేపు కొంచెం ముందుకు పోయాక ఒక హెడ్డు ఆ మాటని పట్టుకుని మళ్ళీ పలుకుతుంది. ఇంకొంచెం పోయాక రెండో హెడ్డు పలుకుతుంది. తర్వాత మాట చెరిగిపోయి, టేపు ఏమీ ఎరగనట్టు మొదటికి వస్తుంది. గొంతు లేనివాడు పాడినా, అందులోంచి వస్తే సముద్రం అడుగు నుంచి ఎవరో మనని తలుచుకుంటున్నట్టు ఉండేది. పెళ్ళిళ్ళలో జనం ముద్ద కలిపిన చెయ్యి గాలిలోనే ఆపి వినేవాళ్ళు.

తర్వాత అరచేతిలో పట్టే డబ్బాలు వచ్చాయి. ఆర్కెస్ట్రా ఆగిపోయింది, మిషన్ అటకెక్కింది. ఈ ఏడు గంగమ్మ జాతరకి మైకు పని యువరాజ్ అనే కొత్త డీజే కుర్రాడికి ఇస్తారని తెలిశాక రమణయ్య దాన్ని కిందికి దించాడు. ఉబ్బిపోయిన కండెన్సర్లు పీకి కొత్తవి అతికించాడు. హెడ్లు స్పిరిట్‌తో తుడిచాడు. రేడియో స్టేషన్ వాళ్ళు ఎప్పుడో పారేసిన స్పూలులోంచి టేపు కత్తిరించి వేశాడు. అంతటితో ఆగితే ఈ కథ లేదు.

పాత మిషన్‌లో మారుమాట ఒక్కోసారికీ సన్నబడి గాలిలో కలిసిపోయేది. అది రమణయ్యకి ఎప్పుడూ నచ్చలేదు. పోయేది ఎలాగూ పోతుంది, ఉన్నంతసేపైనా గట్టిగా ఉండాలి కదా అనేవాడు. మోటారుకి సన్నటి పుల్లీ వేసి టేపు నడక తగ్గించాడు. రెండు హెడ్లకీ చెరో చిన్న యాంప్లిఫయర్ కట్టాడు. ఇప్పుడు మైకులో ఒక మాట అంటే బాకా స్పీకరులోంచి మూడు వస్తాయి. మాటకీ మాటకీ మధ్య నిండుగా ఊపిరి పీల్చేంత ఎడం. మూడింటిదీ ఒకే బలం. తెలియనివాడు వింటే మనిషే నింపాదిగా మూడుసార్లు అన్నాడనుకోవాలి. సరిగ్గా అలాగే అనుకోవాలని రమణయ్య నెల రోజులు కష్టపడ్డాడు. కష్టం ఫలించింది.

మూడింటికి గుడి ముందు రేకుల పందిరి కింద కులపెద్ద రాముడు, మరో నలుగురు పెద్దలు చాప మీద కూర్చుని జాతర ఏ రోజో తేలుస్తున్నారు. రాముడికి ఎనభై. చూపు తగ్గింది, పట్టుదల తగ్గలేదు. యువరాజ్ ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు. మిషన్ పేలిపోతే ఊరందరికీ పంపుదామని అతని ఆశ. అప్పుడే వాన వెలిసింది. రేవులో పడవలు ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోతున్నాయి. హాడో ఓడరేవు వైపు పెద్ద ఓడ ఒకటి మబ్బులో సగం కరిగిపోయి ఉంది.

రమణయ్య వైర్లు కలిపి మైకు చేతికి తీసుకునేసరికి తవిటమ్మ వచ్చింది. ఆమె ఎండు చేపలు అమ్ముతుంది. యాభై దాటింది, భర్త పోయి తొమ్మిదేళ్ళు. జాతరలో చేపల దుకాణానికి చోటు అడగడానికి వచ్చి, వానకి తడిసి ఉప్పునీళ్ళు కారుతున్న బుట్టని సరిగ్గా వైర్ల జాయింటు మీద దించింది. ఆ బుట్ట వెంటనే తీయించాలి. ఆమెతో అతనికి చుట్టరికమేమీ లేదు కనుక వరస పెట్టి పిలవడానికి లేదు. చేతిలో మైకు ఉంది. 

"తవిటమ్మా!" అన్నాడు.

"తవిటమ్మా!" అంది బాకా. రమణయ్య ఆ మాట విని బుట్టని మరిచిపోయాడు. అది తన గొంతేనా? మాట పడవల మీదుగా సాగి, నీళ్ళ మీద కాసేపు కూర్చుని, ఓడ దాకా పోయి కరిగినట్టుంది. అది పూర్తిగా కరగక ముందే మూడోది బయల్దేరింది. "తవిటమ్మా!" ఏ ఒక్కదానికీ బలం తగ్గలేదు. రమణయ్య కళ్ళు మూసుకున్నాడు. పదకొండేళ్ళలో లేనట్టు నవ్వాడు.

"ఏటి?" అంది తవిటమ్మ.

రమణయ్య కళ్ళు తెరిచేసరికి పెద్దలు అయిదుగురూ అతన్నే చూస్తున్నారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. 

"ఎలగున్నాది పెద్దాయనా?" అన్నాడు రమణయ్య.

"బాగున్నాది," అన్నాడు రాముడు గంభీరంగా. "ఇన్నాళ్ళకి బాగున్నాది."

రమణయ్యకి అంతే కావలసింది. వైర్లు చుట్టేసి, మిషన్ ఎత్తుకుని, తనని దింపి అక్కడే ఆగిన చక్రి ఆటోలో ఎక్కాడు. తవిటమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోవడం అతను గమనించలేదు. ఆమె నోరు ఎలాగూ ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

సంగతేమిటంటే, సముద్రం ఆవలి ఒడ్డు నుంచి ఈ దీవికి వలలతో పాటు జాలరి కులం వాళ్ళు తెచ్చుకున్న ఆచారాల్లో మారుమనువుది ఒకటుంది. భార్య పోయినవాడు, భర్త పోయిన ఆడమనిషిని గంగమ్మ ఎదుట, పెద్దలు కూర్చుని ఉండగా, పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. ఆమె పలికితే మనువు కుదిరినట్టే. మూడు పిలుపులు, ఒక పలుకు. బాజాలు లేవు, భోజనాలు ఆనక. అందుకే ఆ గుడి ముందు మగవాళ్ళు వితంతువుల్ని పేరు పెట్టి పిలవరు. తప్పనిసరై పిలిచినా ఒక్కసారితో ఊరుకుంటారు. రమణయ్య కూడా ఒక్కసారితోనే ఊరుకున్నాడు.

ఆటో కొండ ఎక్కుతుండగా చక్రి అద్దంలోంచి చూశాడు. గుడి దగ్గర జరిగింది అతను కళ్ళారా చూశాడు.

"ముబారక్ భయ్యా! భలే పని సేసినావు."

"ఇంకా అవలేదు. రెండ్రోజులు పనున్నాది."

"రెండ్రోజుల్లోనేనా? ఇత్‌నా జల్దీ?"

"ఆలీసం సేస్తే ఉప్పుగాలికి పాడైపోద్ది."

చక్రి గేరు మార్చాడు. "పాతదని ఎవులేనా అంటారేమో భయ్యా."

"అననీ. పాతవే బలం. కొత్తవి సూడ్డానికే. నాలుగు నాళ్ళకి నోరు పడిపోద్ది."

"నోరు మటుకు గట్టిదే," అన్నాడు చక్రి నమ్రతగా.

"గట్టిగా ఉండేలాగ నానే సేసినాను," అన్నాడు రమణయ్య. ఆటో గోతిలో పడి లేచింది.

మర్నాడు పొద్దున్న కూతురు సుష్మ స్వీట్ల పొట్లంతో దిగింది. ఆమె ఓడ టిక్కెట్ల కౌంటర్లో పనిచేస్తుంది, హాడోలో క్వార్టర్సులో ఉంటుంది. తండ్రిని చూడ్డానికి నెలకోసారి ఆదివారం వస్తుంది. ఇది మంగళవారం.

"నాన్నా, పెహలే ముఝే చెప్పాలి కదా! నీ పెళ్ళి సంగతి నాకు కౌంటర్ దగ్గర ప్యాసింజర్ చెప్పాడు."

"ఏం పెళ్ళి?"

సుష్మ ఫోను అతని ముందు పెట్టింది. యువరాజ్ తీసిన వీడియో. అందులో గుడి ముందు ఒక ముసలాడు కళ్ళు మూసుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాడు. తవిటమ్మా, తవిటమ్మా, తవిటమ్మా అని గొంతు వినిపిస్తోంది. రమణయ్య తల వంచి శ్రద్ధగా విన్నాడు.

"రెండోది పిసరంత బొంగురు పోయింది," అన్నాడు.

"నాన్నా!"

"హెడ్డు ఇంకొంచెం జరపాలి." అప్పుడు వీడియోలో తవిటమ్మ 'ఏటి' అంది. కొబ్బరికాయ పగిలింది. ఆ కాయ మిషన్‌కి కాదని రమణయ్యకి అప్పుడు తెలిసింది. అతని చేతిలోంచి స్క్రూడ్రైవరు జారి కాలి బొటనవేలి మీద పడింది. 

"నాను పిలవలేదే! ఒక్కసారే పిలిచినాను! బుట్ట తియ్యమందామని!"

"ఏమో. నాకైతే ఖుషీగానే ఉంది," అంది సుష్మ. "పిన్ని చేపల పులుసు బాగా పెడుతుందట."

"పిన్ని ఎవర్తే?" అని అరిచి, రమణయ్య చెప్పులేసుకుని రాముడి ఇంటికి బయల్దేరాడు.

రాముడు అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. కళ్ళు ఆనకపోయినా చేతులు ముడులు వాటంతటవే వేస్తున్నాయి.

"పెద్దాయనా, నాను ఒక్కసారే పిలిచినాను."

"మూడు ఇనబడ్డాయి."

"మిగతా రెండూ మిషన్ పిలిచింది."

"మిషన్ ఎవుల్ది?"

"నాదే."

"నీ వల్లో పడ్డ సేప నీది. నీ మిషన్లోంచి వచ్చిన పిలుపు మాత్రం ఊరోళ్ళదా?" రాముడు ముడి బిగించాడు. "పైగా కళ్ళు మూసుకుని నవ్వినావంట. నాకు సూపు ఆనదు. పక్కనోళ్ళు సెప్పినారు."

"సౌండు బాగున్నాదని నవ్వినాను."

"ఆడమనిషిని పేరెట్టి పిలిసి, సౌండు బాగున్నాదని నవ్వినోడివి మన కులంలో నువ్వొక్కడివే రమణయ్యా."

చాలాసేపు వాదించాక రాముడు ఒక దారి చూపించాడు. శుక్రవారం పన్నెండింటికి గుడి ముందు అందరూ కూడతారు. రమణయ్య మిషన్ తెచ్చుకోవాలి. మైకులో ఒక మాట అనాలి. మూడు వినిపిస్తే మనువు రద్దు. వినిపించకపోతే అమ్మవారి ముందు చేసిన పిలుపుని అబద్ధంతో దాటెయ్యబోయినట్టు. అప్పుడు మారు మాట్లాడకుండా చీర పెట్టి తవిటమ్మని ఇంటికి తీసుకెళ్ళాలి.

"మూడు ఇనిపించకపోవడమేటి? నాను సేసిన మిషన్," అన్నాడు రమణయ్య.

ఇంటికొచ్చేసరికి తవిటమ్మ దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఉంది. బుట్ట కాళ్ళ దగ్గరుంది. సుష్మ వీలు చూసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయింది.

"నన్ను పాతదన్నావంట," అంది తవిటమ్మ.

"మిషన్ని."

"ఉప్పుగాలికి పాడైపోతానన్నావంట."

"మిషన్."

"నా నోరు నువ్వే గట్టిగా సేసినావంట. ఈ నోరు మాయమ్మ ఇచ్చింది. నువ్వెవడివయ్యా సెయ్యడానికి?"

రమణయ్య గోడకున్న రేడియో వైపు చూశాడు. అది కూడా చెడిపోయినదే. సాయం రాలేదు.

"సరే, నీ పిలుపు మిషన్ది. నా పలుకు సంగతేటి? ఏటి అన్నాను. బజార్లో రోజుకి ముప్ఫైమంది పిలుస్తారు, ముప్ఫైమందికీ ఏటి అంటాను. ఆళ్ళందరి కొంపల్లోకీ కాపరానికెల్లాలా? నీకిష్టమేనేటే అని నన్నొక్కడంటే ఒక్కడు అడిగినాడా? కొబ్బరికాయ కొట్టీసినారు! కాయకున్నపాటి విలవ నాకు లేదు." ఆమె పైట కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు రుజువు సెయ్యి. నన్నీ గొడవలోంచి బయటెయ్యి."

ఇంతకంటే న్యాయమైన మాట రమణయ్య ఈ మధ్యకాలంలో వినలేదు. వెంటనే మిషన్ పెట్టి, మైకులో 'హలో' అన్నాడు. బాకాలోంచి ఒక్క 'హలో' వచ్చింది. రమణయ్య ఆగాడు. మారుమాట రాలేదు. మూత తీసి చూస్తే రెండు చిన్న యాంప్లిఫయర్లూ కమిలిపోయి ఉన్నాయి. బుట్టలోని ఉప్పునీళ్ళు జాయింటులోకి దిగి వాటి పని పట్టాయి.

"నీ బుట్టే," అన్నాడు.

"బుట్ట తియ్యమని సెప్పలేపోయావా?"

"అది సెప్పడానికే పిలిచినాను!"

రమణయ్య కమిలిన యాంప్లిఫయర్లు విప్పి బల్ల మీద పెట్టాడు. శుక్రవారానికి మూడు రోజులుంది. హెడ్లు సర్దేటప్పుడు చెవి మిషన్‌కి ఆనించాలి, ఆ సమయంలో ఎవరో ఒకరు మైకులో మాట్లాడుతూ ఉండాలి. రమణయ్యకి మాట్లాడే మనుషులు లేరు. తవిటమ్మ బేరాలు మధ్యాహ్నం రెండింటికి ముగుస్తాయి.

మొదటి రోజు ఆమె చేపల పేర్లు చెప్పింది. మైకంటే ఆమెకి భయం లేదు. వంజరం, చందువ, కానాగంత, నెత్తళ్ళు. రమణయ్య ఒక హెడ్డుకి కొత్త యాంప్లిఫయర్ కట్టి, పుల్లీ సరిచేశాడు. వంజరం అంటే కాసేపటికి ఇంకో వంజరం వచ్చింది. తవిటమ్మ ఉలిక్కిపడి వెనక్కి చూసింది.

"ఇది నా గొంతేటి?"

"నీదే."

"ఇంత బాగుంటాదేటి?" అంది. రమణయ్య వినపడనట్టు చెవి మిషన్‌కి మరింత ఆనించాడు.

రెండో రోజు వాన పట్టుకుంది. రేకుల మీద చినుకులు, లోపల టేపు తిరిగే సన్నటి చప్పుడు, దూరంగా హాడోలో ఓడ కూత. గదంతా నీళ్ళ కింద ఉన్నట్టుంది. చేపల పేర్లు అయిపోయాక తవిటమ్మ తిట్లు మొదలెట్టింది. ఎండ్రకాయ మొహవోడా అంటే, ఎండ్రకాయ మొహవోడా అని ఇంకో రెండుసార్లు నింపాదిగా, తీయగా వచ్చేది. రమణయ్యని జీవితంలో ఎవరూ అంత అందంగా తిట్టలేదు. ముసలి బొచ్చె సేపా అన్నప్పుడు అతను రెండో హెడ్డు వెంట్రుకవాసి జరిపి, "ఇంకోపాలి అను," అన్నాడు.

తిట్లు కూడా అయిపోయాయి. వాన ఆగలేదు. తవిటమ్మ మైకు పట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఎవరితోనో చెబుతున్నట్టు అంది: "నాకు ఏడేళ్ళప్పుడు మాయయ్య ఓడెక్కించినాడు. మావూర్లో సముద్రం పొద్దుపొడిసేవేపే ఉండేది. ఇక్కడ అన్నేపులా."

'అన్నేపులా' అంది మిషన్. ఒక ఊపిరి తర్వాత మళ్ళీ 'అన్నేపులా' అంది. మాట గదిలో తిరిగి, రేకుల కింద ఆగి, వానలోకి వెళ్ళిపోయింది. రమణయ్య చేతిలో సోల్డరింగ్ ఐరన్ కాలుతూ ఉంది. దేనికి పట్టుకున్నాడో గుర్తురాలేదు. అతని అరచేయి కాలాక గుర్తొచ్చింది.

నిజానికి మిషన్ ఆ మధ్యాహ్నమే బాగైపోయింది. మూడో రోజు చెయ్యడానికేమీ లేదు. ఆ సంగతి రమణయ్య చెప్పలేదు. బాగున్న స్క్రూలు విప్పి మళ్ళీ బిగించాడు. తవిటమ్మ గిన్నెలో పులుసు తెచ్చి, "బల్ల మీద పెడతన్నాను. తినకపోతే పిల్లి తింటాది," అంది. పిల్లికి ఆ రోజు ఏమీ మిగల్లేదు. సాయంత్రం ఆమె వెళ్తూ, "రేపటికి ఇద్దరం బయటపడిపోతాం," అంది. రమణయ్య "ఆఁ," అన్నాడు. ఆ రోజు రాత్రి ఇల్లు మామూలుగానే ఉంది. ఆ మామూలే అతనికి మింగుడుపడలేదు.

మిషన్ ముందు పక్క ఒక నాబ్ ఉంది. ఎడమకి తిప్పితే రెండు హెడ్లకీ నోరు పడిపోతుంది. అప్పుడు ఒకటంటే ఒకటే వస్తుంది. శుక్రవారం పొద్దున్న రమణయ్య ఆ నాబ్‌ని చివరిదాకా ఎడమకి తిప్పాడు. అబద్ధాలకోరు అంటారు. అననీ. చీర పెట్టమంటారు. అది కూడా అబర్డీన్ బజారులో కొనేశాడు. సుష్మ చూసి ఇదెందుకని అడిగితే, మిషన్ వానకి తడవకుండా కప్పడానికన్నాడు.

"జరీ అంచుదా?" అంది సుష్మ.

"మంచి మిషన్," అన్నాడు.

పన్నెండింటికి గుడి ముందు ఇసక వేస్తే రాలనంత జనం. వేటకి వెళ్ళవలసిన పడవలు కూడా ఒడ్డునే ఉన్నాయి. తవిటమ్మ పందిరి చివర బుట్ట పక్కన నిలబడి ఉంది. తలకి కొబ్బరినూనె రాసుకుంది. రమణయ్య చూసి, చూడనట్టు మైకు తీశాడు. అంతా అనుకున్నట్టే జరిగేది. యువరాజ్ నోరు విప్పకపోతే.

"అంకుల్, యే డబ్బా బోలేగా క్యా?" అన్నాడు ఫోను ఎత్తి పట్టుకుని. "చచ్చిన మిషన్ ఎందుకు మోసుకొచ్చారు? పెళ్ళికి నా డీజే పెట్టేస్తా, ఫ్రీ!"

జనం ఘొల్లుమన్నారు. చక్రి కూడా నవ్వాడు. "పాపం, పాతదయిపోయింది," అన్నారెవరో.

మనిషి పెళ్ళాం కోసం అబద్ధాలకోరుగా బతకగలడు. చేతగాని మెకానిక్కుగా ఊరి మధ్య బతకలేడు. రమణయ్య మనసు ఇంకా వద్దు వద్దంటూనే ఉంది. వేళ్ళు నాబ్‌ని కుడికి తిప్పేశాయి, చివరికంటా. 

"గంగమ్మ తల్లీ!" అన్నాడు.

గంగమ్మ తల్లీ, అంది బాకా. గంగమ్మ తల్లీ. నవ్వులు తెగిపోయాయి. నెల రోజుల్లో ఏనాడూ రానంత నిండుగా వచ్చాయి ఆ మాటలు. బొంగురు లేదు, వణుకు లేదు. నీళ్ళ మీద నీడలా సాగి, పడవలన్నిటినీ ఒకసారి తడిమి, ఓడల వైపు పోయాయి. ముసలివాళ్ళు చేతులు జోడించారు. యువరాజ్ ఫోను దించేశాడు. జనం చప్పట్లు కొట్టారు. అటువంటి చప్పట్ల కోసమే రమణయ్య ముప్ఫై అయిదేళ్ళు ఎదురుచూశాడు. వినడానికి చాలా చప్పగా ఉన్నాయి.

"రుజువైంది," అన్నాడు రాముడు. "రెండు పిలుపులు మిషన్వి. మనువు రద్దు. మైకు పని కూడా రమణయ్యకే. పెద్దలు కూకున్నప్పుడు మటుకు ఆ పెట్టికి కరెంటు ఇవ్వకండి." తర్వాత గడ్డం గోక్కున్నాడు. "మొన్నటి మొదటి పిలుపు మాత్రం మనిసిది. అమ్మోరి ముందు పిలిసింది, నాను కొట్టెయ్యలేను. ఉండనీ. ఒంటి పిలుపు ఎవుల్నీ ఏటీ సెయ్యదు."

తవిటమ్మ వంగి బుట్ట సర్దుకుంటోంది. గెలిచిన మనిషిలా లేదు. రమణయ్య ప్లగ్గు పీకేశాడు. సర్దుకుంటున్నాడనుకుని జనం కదిలారు. అతను మైకు మిషన్ మీద పెట్టి, ఒట్టి చేతులతో నిలబడ్డాడు.

"తవిటమ్మా!"

మిషన్ లేని గొంతు. వానలో తడిసిన ఆటో స్టార్టవుతున్నట్టుంది. ఎక్కడికీ సాగలేదు, ఎవరినీ తడమలేదు. పందిరి రాట దాకా వెళ్ళి పడిపోయింది. జనం ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. సుష్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రమణయ్య నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

"తవిటమ్మా!"

రాముడు మూడో వేలు మడిచాడు. మొన్నటిదొకటి, ఇప్పటివి రెండు. ఎవరో కొబ్బరికాయ పైకెత్తారు. రాముడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈపాలి ఆగండ్రా. పలుకు రానీండి."

అందరూ తవిటమ్మ వైపు తిరిగారు. ఆమె రమణయ్యని పైనుంచి కిందిదాకా చూసింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. మూసుకున్న ఆ నోటిని ఊళ్ళో చాలామంది మొదటిసారి చూశారు. ఆమె బుట్ట నెత్తికెత్తుకుని, తొణక్కుండా బెణక్కుండా, బజారు వైపు నడిచి వెళ్ళిపోయింది.

"ఇప్పుడేటి పెద్దాయనా?" అన్నాడు రమణయ్య.

"పలుకు రావాల."

"ఎప్పటిలోగా?"

రాముడు పక్కనున్న పెద్ద వైపు తిరిగాడు. ఆయన ఇంకొకాయన వైపు తిరిగాడు. అలా నలుగురూ తిరిగాక, అందరూ కలిసి సముద్రం వైపు చూశారు.

ఇప్పుడు తవిటమ్మ రోజూ రెండింటికి డైరీ ఫార్మ్ దుకాణానికి వస్తుంది. పులుసు గిన్నె బల్ల మీద పెట్టి స్టూలు మీద కూర్చుంటుంది. సుష్మతో ఫోనులో గంటసేపు మాట్లాడుతుంది. రేడియోలు తెచ్చినవాళ్ళతో బేరమాడుతుంది. దారిన పోతున్న యువరాజ్‌ని పిలిచి తిడుతుంది. రమణయ్యతో మాత్రం ఒక్క ముక్క మాట్లాడదు; మాట్లాడితే అదే పలుకైపోతుంది. అతను పులుసులో ఉప్పు తక్కువైందన్నా, ఎక్కువైందన్నా, వానొస్తోంది గొడుగు తీసుకెళ్ళమన్నా చూసి ఊరుకుంటుంది. ఎన్ని పిలుపులు కావాలో ఆచారం చెప్పింది గాని పలుకు ఎప్పటిలోగా రావాలో చెప్పలేదు. ఇన్ని తరాల్లో ఆ సంగతి కనిపెట్టింది తవిటమ్మ ఒక్కతే.